కచేరి నుంచి కోర్టుకు: దత్తమండలాల్లో కొలువు వదిలి న్యాయవాద వృత్తి చేపట్టినవారు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

జీతానికి కుదిరిన కొలువును వదిలి న్యాయవాద వృత్తిలో ప్రవేశించడం 19వ శతాబ్ది ఉత్తరార్ధం నుంచి దత్తమండలాల విద్యావంతుల జీవితాల్లో కనిపించే ముఖ్యమైన మలుపు. జీవితచరిత్రలు దీన్ని సాధారణంగా వ్యక్తి సాహసంగానో, ప్రతిభగానో చెప్పి ముగిస్తాయి. ఈ వ్యాసం ఆ మలుపును న్యాయవిద్యావ్యవస్థ చరిత్రలో ఉంచి చూస్తుంది. 1880లో ప్లీడరైన ధర్మవరం రామకృష్ణమాచార్యులు, 1948లో బి.ఎల్. పూర్తిచేసిన దామోదరం సంజీవయ్య – ఈ ఇద్దరి ప్రయాణాలను తులనాత్మకంగా పరిశీలిస్తుంది. జీతం ఆగిపోయిన రోజుకూ వృత్తిలో మొదటి సంపాదన చేతికందిన రోజుకూ మధ్య ఉండే సంధికాలాన్ని ఎవరు భరించారన్నదే ఈ చరిత్రలో కీలకమైన ప్రశ్న అని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దత్తమండలాలు, కచేరి, గుమాస్తా, ప్లీడరు పరీక్ష, బళ్ళారి, ధర్మవరం రామకృష్ణమాచార్యులు, దామోదరం సంజీవయ్య, న్యాయవిద్య.

1. ఉపోద్ఘాతం

నచ్చని కొలువును వదలడం, నచ్చిన వృత్తిని చేపట్టడం అనేవి రెండు వేర్వేరు పనులు. మొదటిదానికి ఒక అర్జీ చాలు. రెండవదానికి చదువు, పరీక్ష, అనుమతిపత్రం, కక్షిదారుల నమ్మకం కావాలి. వీటిని సమకూర్చుకునే లోపల ఇల్లు గడవాలి. న్యాయవాద వృత్తి విషయంలో ఈ వ్యవధి మరీ ఎక్కువ. చదువు ముగిసిన వెంటనే సంపాదన మొదలు కాని వృత్తుల్లో ఇది ఒకటి.

నేటి శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న కొత్తచెరువు, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతం ఈ చరిత్రను పరిశీలించడానికి అనువైన స్థలం. 1800లో నైజాము నుంచి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించిన ఈ భూభాగం, 1808లో దత్తమండలాలను రెండుగా విభజించినప్పుడు బళ్ళారి జిల్లాలో చేరింది. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతపు రైతుకు జిల్లా కేంద్రం బళ్ళారే. శిస్తు తగాదా అయినా, గట్టు తగాదా అయినా పెద్ద కచేరి, పెద్ద కోర్టు అక్కడే. కాబట్టి ఈ ప్రాంతంలో చదువుకున్నవారికి కొలువు దొరికే ఊరూ, కొలువు వదిలి బతకడానికి అవకాశమున్న ఊరూ ఒక్కటే అయింది. ధర్మవరంలో పుట్టిన రామకృష్ణమాచార్యుల జీవితం బళ్ళారిలో గడవడానికి కారణం ఈ పాలనా భూగోళంలోనే ఉంది.

2. కచేరి, కోర్టు: రెండు లోకాలు

థామస్ మన్రో 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉండి దత్తమండలాల్లో నెలకొల్పిన రైతువారీ పద్ధతికి కాగితమే ప్రాణం. ప్రతి రైతు పేరు, ప్రతి పొలం విస్తీర్ణం, ప్రతి కిస్తీ లెక్క రాసి ఉంచాలి. అందువల్ల గ్రామ కరణం మొదలుకొని తాలూకా కచేరి, కలెక్టరు కచేరి వరకు రాతపని చేసే ఉద్యోగుల శ్రేణి ఒకటి విస్తరించింది. తహశీల్దారుకు శిస్తు అధికారంతోపాటు మేజిస్ట్రేటు అధికారం కూడా ఉండడంతో తాలూకా కచేరిలోని గుమాస్తాకు భూమి లెక్కలూ తెలిసేవి, నేరవిచారణ పద్ధతీ తెలిసేది. రికార్డు ఎక్కడుంటుందో, దరఖాస్తు ఏ బల్లమీద ఆగుతుందో, సాక్షి వాంగ్మూలం ఎలా నమోదవుతుందో అతనికి రోజూ కనిపించే సంగతులు.

అయితే ఆ జ్ఞానానికి అతడు యజమాని కాడు. గుమాస్తా రాసేది తన మాట కాదు. పైఅధికారి ఉత్తర్వును రాస్తాడు, దరఖాస్తుదారు విన్నపాన్ని నకలు తీస్తాడు, సంతకం మరొకరు చేస్తారు. బదిలీ, బడ్తరఫు, పదోన్నతి అన్నీ ఇతరుల చేతిలో ఉంటాయి. కచేరి కొలువులో విద్యావంతుడికి కలిగే అసంతృప్తికి జీతం ఎంతన్నది ఒక కారణమే. ఇంతకంటే లోతైనది, చదివిన చదువుకు తన పేరుమీద చెలామణి లేకపోవడం.

కోర్టు ఇందుకు భిన్నమైన లోకం. అక్కడ వకాలతునామా మీద ప్లీడరు పేరు ఉంటుంది. వాదన అతని గొంతుతో నడుస్తుంది. గెలుపు ఓటములు అతని ఖాతాలో పడతాయి. ఫీజు కక్షిదారు ఇస్తాడు కనుక అధికారి దయ అక్కరలేదు. మద్రాసు రాజధానిలో 1816నాటి రెగ్యులేషన్ జిల్లా కోర్టుల వకీళ్ళ నియామకాన్ని క్రమబద్ధం చేసింది. 1846నాటి ఒకటవ చట్టం జాతి, మత భేదం లేకుండా అర్హులందరికీ ఈ వృత్తిని తెరిచింది. 1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడింది. 1865నాటి చట్టం, 1879నాటి లీగల్ ప్రాక్టీషనర్ల చట్టం ప్లీడర్ల అర్హతలను, పరీక్షలను, అనుమతిపత్రాల జారీని, దుష్ప్రవర్తనకు శిక్షను హైకోర్టు పర్యవేక్షణలో ఒక చట్రంలోకి తెచ్చాయి. కచేరికి కూతవేటు దూరంలో ఇలా రూపుదిద్దుకున్న వృత్తి అక్కడి గుమాస్తాలకు కనిపించకుండా ఉండే అవకాశం లేదు.

3. ప్లీడరు పరీక్ష: కొలువులో ఉంటూనే తెరుచుకున్న దారి

19వ శతాబ్దిలో న్యాయవాదులందరూ ఒక్క మెట్టుమీద ఉండేవారు కారు. హైకోర్టులో వాదించే బారిస్టర్లు, బి.ఎల్. పట్టభద్రులైన హైకోర్టు వకీళ్ళు పైశ్రేణి. జిల్లా కోర్టుల దాకా వెళ్ళగల మొదటి తరగతి ప్లీడర్లు మధ్యశ్రేణి. మున్సిఫు కోర్టులు, కింది మేజిస్ట్రేటు కోర్టులకు పరిమితమైన రెండవ తరగతి ప్లీడర్లు చివరిశ్రేణి. ఈ నిచ్చెనలో కింది మెట్టుకు ఎన్ని పరిమితులున్నా ఒక పెద్ద సౌలభ్యం ఉంది. దాన్ని అందుకోవడానికి మద్రాసు వెళ్ళి ఏళ్ళ తరబడి కాలేజీలో కూర్చోవలసిన పని లేదు. చట్టాల పుస్తకాలు సంపాదించి, పగలు కొలువు చేసుకుంటూ రాత్రి చదివి పరీక్ష రాయవచ్చు. తప్పితే మరునాడు కచేరికి వెళ్ళవచ్చు. నెగ్గితే రాజీనామా ఇవ్వవచ్చు.

ఈ పద్ధతి చారిత్రక ప్రాధాన్యం ఇక్కడే ఉంది. ప్లీడరు పరీక్ష కొలువును అడ్డంకిగా కాక ఊతంగా మార్చింది. కచేరి జీతమే న్యాయవిద్యకు వేతనమైంది, కచేరి అనుభవమే పాఠ్యాంశమైంది. రాజీనామా అనే నిర్ణయం పరీక్షాఫలితం తర్వాతికి వాయిదా పడింది. కాబట్టి సంధికాలం ఉన్నా, అది కక్షిదారులు కుదురుకునే వరకు ఉండే కొద్ది కాలమే అయ్యేది.

ఈ దారికి ఉన్న హద్దులు కూడా గమనించదగినవే. రాజమహేంద్రవరంలో రెండవ తరగతి ప్లీడరుగా రాణించిన టంగుటూరి ప్రకాశం పైకోర్టుల్లో వాదించే అర్హత లేకపోవడం వల్లనే ఇంగ్లండు వెళ్ళి 1907లో బారిస్టరై తిరిగివచ్చారు. కింది మెట్టు ఎక్కడం సులభమే గాని, అక్కడి నుంచి పై మెట్టుకు చేరాలంటే మళ్ళీ మొదటికి రావలసిందే.

ఈ దారి తెరిచి ఉన్నా అందరూ దాన్ని కోరుకోలేదు. కందుకూరి వీరేశలింగం న్యాయవాద వృత్తిలో అసత్యం, కచేరి ఉద్యోగంలో లంచం తప్పవన్న భావనతో ఆ రెండింటినీ కాదని ఉపాధ్యాయ వృత్తిని ఎంచుకున్నారు. ఆనాటి ఆంగ్ల విద్యావంతుడి ముందున్న మూడు దారులు – కచేరి, కోర్టు, బడి – ఆయన నిర్ణయంలో స్పష్టంగా కనిపిస్తాయి. వృత్తి ఎంపిక జీతానికి మాత్రమే సంబంధించినది కాదనీ, ఏ పనిలో మనిషి తన మాట తాను మాట్లాడగలడన్న నైతిక ప్రశ్న కూడా అందులో ఉందనీ ఇది సూచిస్తుంది. వీరేశలింగానికి కోర్టు ఆ స్వేచ్ఛ ఇవ్వని చోటు. ఆయనకు ఇంచుమించు సమకాలికుడైన రామకృష్ణమాచార్యులకు అదే కోర్టు ఆ స్వేచ్ఛ ఇచ్చిన చోటు.

4. ధర్మవరం రామకృష్ణమాచార్యులు: గుమాస్తా నుంచి ప్లీడరు

రామకృష్ణమాచార్యులు 1853లో ధర్మవరంలో జన్మించారు. తండ్రి కృష్ణమాచార్యులు బళ్ళారి వార్డ్‌లా పాఠశాలలో తెలుగు బోధకులు. ఇంట్లో సంస్కృతాంధ్రాలు, ఊళ్ళో కన్నడం, బడిలో ఇంగ్లీషు ఇలా అబ్బాయి. మెట్రిక్యులేషన్ తర్వాత 1874లో ఎఫ్.ఏ. పూర్తిచేసి, కొంతకాలం ఆదోని తాలూకా కచేరిలో గుమాస్తాగా, తర్వాత బళ్ళారి కంటోన్మెంటు మేజిస్ట్రేటు కోర్టులో ఉద్యోగిగా పనిచేశారు. ఆ కొలువులో ఉండగానే ప్లీడరు పరీక్షలో ఉత్తీర్ణులై 1880లో న్యాయవాద వృత్తి ప్రారంభించారు. నేరవిచారణల్లో గట్టి వాదిగా పేరు తెచ్చుకున్నారు.

ఈ రెండు కొలువుల వరుస గమనించదగినది. తాలూకా కచేరిలో రాతపని, మేజిస్ట్రేటు కోర్టులో విచారణ పద్ధతి – మొదటిది రెవెన్యూ వ్యవహారానికీ, రెండవది నేర వ్యవహారానికీ శిక్షణ. తర్వాతి కాలంలో ఆయన రాణించింది నేర వ్యాజ్యాల్లోనే. బళ్ళారి వంటి సైనిక కేంద్రంలో, తెలుగు, కన్నడ, ఉర్దూ మాట్లాడే జనం కలిసి బతికే ఊళ్ళో, సాక్షి మాటను అతని భాషలోనే విని పట్టుకోగల ప్లీడరుకు విలువ ఎంతటిదో ఊహించడం కష్టం కాదు. అనేక ప్రాంతాల్లో గుమాస్తాలు చేరవేయలేని జ్ఞానాన్ని ఆయన కోర్టు వసారాకు చేరవేశారు.

ఆయన కొలువు కాలానికి మరొక చారిత్రక నేపథ్యం ఉంది. 1874కూ 1880కూ మధ్య దక్షిణ భారతాన్ని 1876–78 నాటి మహాక్షామం పట్టి పీడించింది. తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్ళారి ఒకటి. ధాత సంవత్సరంలో, అంటే 1876–77లో, వచ్చిన కరువు కనుక జనం దాన్ని ధాత కరువుగా చెప్పుకున్నారు. సహాయక పనుల్లో కూలి మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా సరిపోతుందని సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో నిర్ణయించిన ‘టెంపుల్ కూలి’ అప్పట్లోనే తీవ్ర విమర్శకు గురయింది. ఇలాంటి నిర్ణయాలు పైనుంచి ఉత్తర్వులుగా దిగివచ్చి, అమలు కాగితాలుగా మారేది తాలూకా కచేరీల్లోనే. ఆ యంత్రాంగంలో గుమాస్తా ఆకలిని లెక్కరాసే మనిషి మాత్రమే, ఆ లెక్కను ప్రశ్నించే మనిషి కాడు. కరువు తగ్గిన రెండేళ్ళకే రామకృష్ణమాచార్యులు ప్రశ్నించడమే పనిగా గల వృత్తిలో అడుగుపెట్టారు. ఈ కాలక్రమం ఒక్కటే కారణాన్ని నిర్ణయించదు. కానీ కచేరి రాతకూ కోర్టు మాటకూ ఉన్న అంతరం ఆ దశాబ్దంలో ఎంత పెద్దదో చూపుతుంది.

5. వకాలతు ఇచ్చిన వ్యవధి: బళ్ళారి రంగస్థలం

కొలువు వదలడంవల్ల రామకృష్ణమాచార్యులకు దక్కినది సంపాదన మాత్రమే కాదు. తన కాలం తన చేతికి వచ్చింది. గుమాస్తాకు సెలవు అధికారి ఇస్తాడు. ప్లీడరు తన వాయిదాలను తానే చూసుకుంటాడు. తెలుగు నాటకరంగ చరిత్రలో ఈ తేడాకు ఫలితం కనిపిస్తుంది. 1880ల ద్వితీయార్ధంలో బళ్ళారిలో ఆయన నెలకొల్పిన సరస వినోదినీ సభ, 1887లో ప్రదర్శించిన ‘చిత్రనళీయం’ తెలుగు నాటక ప్రదర్శనకు కొత్త ఊపునిచ్చాయి. ఆయన ముప్పయి వరకు నాటకాలు రాశారు, స్వయంగా నటించారు, సమాజాన్ని నడిపారు. ఆంధ్ర నాటక పితామహుడన్న బిరుదు పొందారు. ఈ పనులన్నీ వృత్తిలో కొనసాగుతూ చేసినవే.

ఆయన నాటకాల్లో న్యాయవాది కన్ను ఎక్కడుందని వెతికితే మొదట ఆగవలసింది ‘విషాద సారంగధర’ దగ్గర. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా గుర్తింపు పొందిన రచన ఇది. పరంపరాగత కథలో సారంగధరుడిపై సవతితల్లి చిత్రాంగి నింద మోపుతుంది, రాజరాజ నరేంద్రుడు కాళ్ళు చేతులు నరికించే శిక్ష వేస్తాడు, చివరకు సిద్ధుని అనుగ్రహంతో అవయవాలు తిరిగి వస్తాయి. ఆ మహిమ ఉన్నంతవరకు రాజు చేసిన తప్పు సరిదిద్దదగినదిగా మిగులుతుంది. కథను విషాదాంతం చేసినప్పుడు రాజు తీర్పు మాత్రమే నిలుస్తుంది: ఒక్క సాక్ష్యం విని, నిందితుడి మాట వినకుండా ఇచ్చిన తీర్పు. రోజూ మేజిస్ట్రేటు ముందు నిందితుడి పక్షాన నిలబడే రచయిత ఈ కథను ఇలా ముగించడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. శిక్ష అమలైన తర్వాత తెలిసిన నిజం ఎవరినీ బతికించదన్నది కోర్టుకు బాగా తెలిసిన సంగతి.

బళ్ళారిలో ఆయనకు పోటీగా నిలిచిన నాటకకర్త కొలాచలం శ్రీనివాసరావు (1854–1919) కూడా వృత్తిరీత్యా ప్లీడరే. సుమనోరమ సభ ద్వారా చారిత్రక నాటకానికి పేరు తెచ్చిన ఆయన, విజయనగర పతనాన్ని వస్తువుగా తీసుకున్న ‘రామరాజు చరిత్ర’ను రచించారు. ప్రపంచ నాటక చరిత్రపై ఇంగ్లీషులో 1908లో గ్రంథం వెలువరించారు. ఒకే ఊళ్ళో, ఒకే తరంలో, రెండు ప్రధాన నాటక సమాజాలకు ఇద్దరు ప్లీడర్లు నాయకులు కావడం న్యాయవాద వృత్తి ఇచ్చిన ఆర్థిక, కాల స్వాతంత్ర్యానికి గుర్తు.

రామకృష్ణమాచార్యుల మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులు, అంటే బళ్ళారి రాఘవ (1880–1946), మద్రాసులో న్యాయశాస్త్రం చదివి బళ్ళారిలో న్యాయవాదిగా, పబ్లిక్ ప్రాసిక్యూటరుగా పనిచేస్తూనే మహానటుడయ్యారు. ఆయన కచేరి మెట్టు ఎక్కి దిగవలసిన అవసరం రాలేదు. మేనమామ ఆరేళ్ళ కొలువుతో దాటిన దూరం మేనల్లుడికి పుట్టుకతోనే దాటి ఉంది. సంధికాలపు భారాన్ని ఒక తరం భరిస్తే రెండవ తరం దాన్ని గమనించనవసరం కూడా ఉండదు. కుటుంబంలో మొదటిసారి న్యాయవాది అయ్యేవాడికీ, న్యాయవాదుల ఇంట పుట్టి న్యాయవాది అయ్యేవాడికీ ఉన్న తేడా ఇదే.

6. డిగ్రీ మార్గం: రాజీనామా ముందుకు జరిగింది

మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో ఏర్పడినప్పటి నుంచి న్యాయశాస్త్రంలో డిగ్రీ ఉన్నా, ప్రత్యేక లా కాలేజీ 1891లో వచ్చింది. 20వ శతాబ్దిలో బి.ఎల్. డిగ్రీ క్రమంగా ఈ వృత్తికి ప్రధాన ద్వారమైంది. 1926నాటి బార్ కౌన్సిళ్ళ చట్టం హైకోర్టులో వకీలు, బారిస్టరు భేదాన్ని తగ్గించింది. 1961నాటి అడ్వకేట్ల చట్టం దేశమంతటా అడ్వకేట్ అనే ఒకే శ్రేణిని నెలకొల్పి పాత తరగతులకు ముగింపు పలికింది.

సమానత్వం దృష్ట్యా ఇది ముందడుగు. రెండవ తరగతి ప్లీడరన్న చిన్నచూపు పోయింది. మున్సిఫు కోర్టులో వాదించేవాడు హైకోర్టులోనూ వాదించవచ్చు. కానీ ఈ మార్పులో మరొక సంగతి మరుగున పడింది. ప్లీడరు పరీక్ష ఉన్నప్పుడు కొలువు చేస్తూ చదవడం, నెగ్గిన తర్వాత వదలడం అన్న క్రమం ఉండేది. కాలేజీ చదువు తప్పనిసరి అయ్యాక ముందు వదలాలి, తర్వాత చదవాలి. దత్తమండలాల నుంచి వచ్చే విద్యార్థికి ‘వదలడం’ అంటే ఊరు వదిలి మద్రాసులో బస, భోజనం, ఫీజు భరించడం కూడా. పరీక్షకు ముందున్న కొన్ని రాత్రుల శ్రమ స్థానంలో జీతం లేని కొన్నేళ్ళు వచ్చి చేరాయి.

వృత్తిద్వారం విశాలమైందా, ఇరుకైందా అన్న ప్రశ్నకు అందువల్ల ఒక్క జవాబు లేదు. పాత పరీక్ష చట్టప్రకారం అందరికీ తెరిచే ఉన్నా, ఎఫ్.ఏ. దాకా చదివించగల ఇళ్ళకే అందుబాటులో ఉండేది. స్త్రీలకైతే 1923నాటి చట్టం వచ్చేదాకా ఆ ద్వారం మూసే ఉంది. కొత్త డిగ్రీ పద్ధతి కులభేదం లేకుండా ప్రభుత్వ విద్య పొందినవారిని చేర్చుకోగలిగింది. అయితే సంధికాలపు ఖర్చును విద్యార్థి మీదనే మోపింది. ఈ రెండు ధోరణులూ ఒకే జీవితంలో కలిసిన సందర్భం దామోదరం సంజీవయ్యది.

7. దామోదరం సంజీవయ్య: జీతంతో చదివిన న్యాయశాస్త్రం

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న కర్నూలు సమీపంలోని పెద్దపాడులో నిరుపేద దళిత కుటుంబంలో జన్మించారు. పసితనంలోనే తండ్రిని కోల్పోయారు. కర్నూలు మునిసిపల్ ఉన్నత పాఠశాలలో చదివి, అనంతపురంలోని దత్తమండల కళాశాలలో 1942లో బి.ఏ. పూర్తిచేశారు. 1916లో నెలకొన్న ఆ కళాశాల లేకపోతే అనంతపురం, కర్నూలు ప్రాంతాల పేద విద్యార్థులకు డిగ్రీ చదువు దూరప్రాంతాలకు వెళ్తే తప్ప దొరకనిది.

డిగ్రీ చేతికి వచ్చిన కాలం యుద్ధకాలం. ఆయనకు దొరికినవన్నీ తాత్కాలిక కొలువులు. కర్నూలు రేషనింగ్ కార్యాలయంలో గుమాస్తాగా, తర్వాత కేంద్ర ప్రభుత్వ తనిఖీ విభాగంలో ఉద్యోగిగా పనిచేశారు. యుద్ధంతో పుట్టిన ఆ కొలువులు యుద్ధంతోనే ముగిసేవి. బళ్ళారి జిల్లా న్యాయాధికారి ప్రోత్సాహం ఆయనను న్యాయశాస్త్రం వైపు నడిపినట్లు జీవితచరిత్రలు పేర్కొంటాయి. మద్రాసు లా కాలేజీలో చేరిన తర్వాత ఖర్చులకోసం నగరంలోని ఒక పాఠశాలలో గణితం బోధిస్తూ చదువు కొనసాగించారు. 1948లో బి.ఎల్. పూర్తిచేసి, 1950లో మద్రాసులో న్యాయవాదిగా నమోదయ్యారు. అదే ఏడాది తాత్కాలిక పార్లమెంటు సభ్యులయ్యారు. 1960 జనవరి నుంచి 1962 మార్చి వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేశారు. దేశంలోనే ఆ పదవి చేపట్టిన తొలి దళితుడు ఆయన.

ఈ క్రమంలో ఒక సంగతి విశేషంగా గమనించాలి. సంజీవయ్య కొలువు వదిలి న్యాయశాస్త్రంలోకి వెళ్ళలేదు. ఒక కొలువు వదిలి మరొక కొలువుతో న్యాయశాస్త్రాన్ని పోషించుకున్నారు. పగలు తాను విద్యార్థి, అదే పగటిలో మరొక పూట తాను ఉపాధ్యాయుడు. రామకృష్ణమాచార్యులకు కచేరి జీతం చేసిన పనిని సంజీవయ్యకు బడి జీతం చేసింది. తేడా ఏమిటంటే, మొదటి సందర్భంలో వ్యవస్థే ఆ వీలు కల్పించింది. రెండవ సందర్భంలో వ్యవస్థ కల్పించని వీలును వ్యక్తి తన శ్రమతో కొనుక్కున్నాడు.

8. రెండు ప్రయాణాల తులన

ఇద్దరి మధ్య సుమారు 70 ఏళ్ళ వ్యవధి, కులపరంగా సమాజపు రెండు కొసల దూరం ఉన్నా, పోలికలు ఆలోచింపజేస్తాయి. ఇద్దరూ దత్తమండలాలవారు. ఇద్దరి మలుపుకూ బళ్ళారితో సంబంధం ఉంది. ఇద్దరూ కొరత కాలంలో ప్రభుత్వ రాతపని చేశారు: ఒకరి కొలువు కాలంలో మహాక్షామం వచ్చింది, మరొకరి కొలువే తిండిగింజల రేషనింగ్‌కు పుట్టింది. ఆకలిని పాలనా వ్యవహారంగా మార్చే కాగితాల మధ్య నుంచి ఇద్దరూ మాటకు విలువ ఉన్న వృత్తిలోకి నడిచారు.

భేదాలు అంతకంటే ముఖ్యం. రామకృష్ణమాచార్యులు పండితుల ఇంట పుట్టారు. విద్య ఆయనకు వారసత్వం, వృత్తి మార్పు ఆయనకు నిచ్చెనలో ఒక మెట్టు. సంజీవయ్యకు విద్యే మొదటి తరపు సంపాదన. పరీక్ష తప్పితే వెనక్కి వెళ్ళడానికి స్థిరమైన కొలువు కూడా లేదు. మొదటివారికి న్యాయవాద వృత్తి జీవితాంతం నిలిచిన ఆధారం, దాని నీడలో నాటకరంగం పెరిగింది. రెండవవారికి అది చట్టసభలోకి తెరుచుకున్న తలుపు. ముఖ్యమంత్రిగా ఆయన హయాంలో వృద్ధాప్య పింఛను పథకం ఆరంభం కావడాన్ని ఈ నేపథ్యంలో చూడవచ్చు. జీతం లేని కాలం మనిషిని ఏం చేస్తుందో తెలిసినవారి ఆలోచన అది.

కాబట్టి కొలువు వదిలిన కథలను ‘ధైర్యం చేశారు, గెలిచారు’ అన్న మాటతో ముగించడం చరిత్రకు న్యాయం చేయదు. ధైర్యం ఇద్దరిలోనూ ఉంది. ఆ ధైర్యానికి పడిన ఖరీదు మాత్రం ఒక్కటి కాదు. ఖరీదును నిర్ణయించింది వృత్తిలో ప్రవేశానికి ఆయా కాలాలు పెట్టిన నియమాలు.

9. వర్తమాన సందర్భం

ఈ ప్రశ్న గతంతో ముగిసినది కాదు. నేడు కొత్తచెరువులోనో హిందూపురంలోనో ప్రైవేటు కొలువు చేస్తూ న్యాయవాది కావాలనుకునే పట్టభద్రుడికి ప్రవేశపరీక్ష రాసి, మూడేళ్ళ ఎల్.ఎల్.బి. చదవడం మార్గం. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో రూపొందించిన న్యాయవిద్యా నియమాలు తరగతుల హాజరు 70 శాతం ఉండాలంటాయి. నమోదైన తర్వాత అఖిలభారత బార్ పరీక్ష ఉంది. వృత్తిలో కొనసాగేంతకాలం పూర్తికాలపు జీతం కొలువులో ఉండరాదని బార్ కౌన్సిల్ 49వ నియమం చెబుతుంది. వృత్తి గౌరవానికీ కక్షిదారు ప్రయోజనానికీ ఈ నియమాలు అవసరమే. కానీ వాటిని కలిపి చూస్తే, చదువు కాలంలోనూ, సీనియరు దగ్గర పని నేర్చుకునే తొలి ఏళ్ళలోనూ జీతానికి చోటు దాదాపు లేదు.

సంధికాలాన్ని వ్యక్తి ఒక్కడే భరించనవసరం లేదన్న గుర్తింపు ఇటీవలి కాలంలో ప్రభుత్వ విధానంలోకి కొంత వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరు 3న ప్రారంభమైన వై.ఎస్.ఆర్. లా నేస్తం పథకం జూనియర్ న్యాయవాదులకు తొలి మూడేళ్ళు నెలకు 5,000 రూపాయల భృతిని నిర్దేశించింది. మొత్తం ఎంతన్నది వేరే చర్చ. పట్టణంలో గది అద్దెకు సరిపోతుందా అన్నదీ వేరే చర్చే. న్యాయవాద వృత్తి ప్రారంభకాలం ఒక సామాజిక వ్యయమని, దాన్ని కుటుంబ ఆస్తికి వదిలేస్తే కోర్టు హాలులో కొన్ని ఇళ్ళ గొంతులే వినిపిస్తాయని అంగీకరించడమే దాని చారిత్రక విశేషం. అయితే ఆ భృతి నమోదు తర్వాతే మొదలయ్యేది. కొలువు వదిలి చదవవలసిన మూడేళ్ళు దాని పరిధిలోకి రాలేదు. రాత్రి చదివి పరీక్ష రాసిన 19వ శతాబ్ది గుమాస్తాకు ఉన్న వెసులుబాటు నేటి ఉద్యోగికి తిరిగి రాలేదు.

10. ఉపసంహారం

దత్తమండలాల్లో కచేరి నుంచి కోర్టుకు సాగిన ప్రయాణం మూడు విషయాలను స్పష్టం చేస్తుంది. ఒకటి, కచేరి కొలువులోని అసంతృప్తికి మూలం జీతంలోనే కాక, తన మాటకు తన పేరు లేకపోవడంలో ఉంది. కోర్టు ఆ పేరునిచ్చింది. రెండు, ఆ మార్పు వ్యక్తికే పరిమితం కాలేదు. బళ్ళారి ప్లీడర్ల స్వతంత్ర కాలం తెలుగు నాటకానికి పెట్టుబడి అయింది. మూడు, కొలువు ఎప్పుడు వదలాలన్నది వ్యక్తి నిర్ణయంగా కనిపించినా, దాన్ని ముందే నిర్ణయించేది వృత్తిద్వారపు నిర్మాణం. నెగ్గాక వదలనిచ్చిన పరీక్ష ఒక రకమైన న్యాయవాదులను తయారుచేసింది. వదిలాకే చదవమన్న డిగ్రీ మరొక రకమైన వడపోతను పెట్టింది.

విశాఖపట్నంలో 2008లో స్థాపితమైన జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం నేడు దామోదరం సంజీవయ్య పేరుతో నడుస్తోంది. అక్కడి అయిదేళ్ళ చదువు ఆవాస విద్య. బడిలో లెక్కలు చెప్పి ఆ జీతంతో న్యాయశాస్త్రం చదివిన మనిషి పేరున్న ఆవరణలో, ఆయనలాగే పనిచేస్తూ చదవవలసిన విద్యార్థికి చోటు ఎలా కల్పించాలన్న ప్రశ్నకు న్యాయవిద్యా విధానం ఇంకా సమాధానం చెప్పవలసి ఉంది.